ఆపా దిద్దిన నాలుకలు

ఇవాళ తెల్లవారుజామున ఫజర్ నమాజులో మీ నోటితో ఏం పలికారో మీకు తెలుసా? తెలిస్తే ఈ కాగితం చింపేయండి, మీతో నాకు పనిలేదు. తెలియకపోతే కూర్చుని చివరిదాకా చదవండి. మన పేటలో సగం మందికి ఖురాన్ పలకడం నేర్పిన ఆపా మొన్న గురువారం తెల్లవారుతుండగా కన్నుమూసింది. నాకు ఆవిడ సొంత అక్క కాదు. అందరికీ ఆపానే, నాకూ ఆపానే. ఏడవడం ఇంట్లో అయిపోయింది. ఈ కాగితం దగ్గరికి కోపంతో వచ్చాను.

ఆపా భర్త పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసి, ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు అప్పగించి పోయాడు. తర్వాత ఆవిడ మిరపకాయలకు తొడిమలు తీస్తూ బతికింది. సాయంత్రమైతే వసారాలో పిల్లలు వరసగా కూర్చుని అరబీ చదివేవాళ్ళు. ఆవిడ చేతులు మిరపకాయల్లో, చెవులు పిల్లల దగ్గర. కారం చేతులతో గ్రంథాన్ని ఎన్నడూ తాకలేదు. తాకాల్సిన పని కూడా లేదు, పుస్తకమంతా చెవిలోనే ఉండేది.

"ఆగరా. ఆ అక్షరం గొంతు అడుగు నుంచి రావాలి, ముక్కులోంచి కాదు. నాలుక ఎక్కడ పెట్టావో చూపించు."

పిల్లాడు నోరు తెరిస్తే వంగి చూసేది. "నాలుక అల్లా నమ్మి అప్పగించిన సొత్తురా. పాడు చేయమాక" అనేది. అలా దిద్దిన నాలుకలే ఇవాళ మన పేటలో అజాన్ ఇస్తున్నాయి, సభల్లో ఖురాన్ పఠిస్తున్నాయి. ఇంకేం చేశాయో కూడా చెబుతాను.

ఒకరోజు పక్కింటావిడ, ఆపాతో కలిసి తొడిమలు తీసే హిందువుల కోడలు, ఉండబట్టలేక అడిగిందట. "వదినా, రోజూ వింటన్నా, చానా బాగుంటది. ఇంతకీ ఏమంటాడు మీ దేవుడు?"

"దేవుడి మాటే వదినా."

"అదేలే, ఏమంటాడు అని?"

ఆపా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయిందట. ఆ సాయంత్రమే నా పంక్చర్ షాపుకు వచ్చింది. నేను మదర్సా గడప తొక్కినవాణ్ణి కాదు. కంప్రెసర్ పక్కన గూట్లో శుభ్రమైన గుడ్డలో చుట్టిన తెలుగు అనువాదమే నా మదర్సా.

"నీ దగ్గర తెలుగుది ఉందంటగా తమ్ముడూ. ఇన్నేళ్ళు పలికా. ఇంక నాకు వినాలని ఉంది."

మర్నాటి నుంచి సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నేనూ, మా ఆవిడా వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. వాకిలి బార్లా తెరిచే ఉండేది. ఆపా అరబీలో పఠించేది, నేను తెలుగులో చదివేవాణ్ణి. మా ఆవిడ ఒక పక్క, ఆపా కూతురు ఒక పక్క. నేను తొందరపడితే ఊరుకునేది కాదు. "నిదానం తమ్ముడూ, నీ లారీ ఏం ఎల్లిపోదులే." ఒకనాడు కళ్ళు తుడుచుకుంటూ అంది: "ఇన్నాళ్ళూ తొడిమ పట్టుకుని కూర్చున్నా. కాయ ఇప్పుడు కొరికా." అయినా పఠనాన్ని ఏనాడూ తక్కువ చేయలేదు. అర్థం తెలిశాక ఒక్కో అక్షరాన్ని ఇంకా భయంగా, ఇంకా ప్రేమగా పలికింది.

మన పేటలో ఖురాన్ పఠించే ఒక తేనె గొంతు ఉంది. ఏ ఇంట్లో కార్యమైనా ముందు పిలిచేది ఆయన్నే. పేరు రాయను. ఇది చదువుతున్నాడు, తానేనని ఆయనకు తెలుసు. టీ హోటల్లో పది మంది మధ్య ఆయన అన్నమాట ఇది: "అర్థం చెప్పుకుంటన్నారంట! ఆపాకి ఈ వయసులో ఏం అర్థంరా బాబూ?"

ఆపాకీ నాకూ ముడిపెట్టి అందరూ నవ్వారు. మర్నాడు ఒకడు నా మొహం మీదే అడిగాడు: "ఏంది తమ్ముడూ, ఇవాళ ఏ పేజీ?"

తర్వాత పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఒకరికి జ్వరమన్నారు, ఒకరికి ట్యూషన్ అన్నారు. ఖురాన్ పెట్టుకునే చెక్క పీఠాలు, ఆ రేహళ్ళు, మడిచి గూట్లో చేరాయి. ఆపా వాకిలి మాత్రం ఇంకా బార్లా తెరిచింది.

మేము మానలేదు. అలా చదువుతూ నూర్ అనే అధ్యాయానికి, ఆ సూరాకు వచ్చాం. శీలవతుల మీద నింద వేసి నలుగురు సాక్షుల్ని తేలేనివాళ్ళకు ఎనభై కొరడా దెబ్బలనీ, వాళ్ళ సాక్ష్యం ఇక ఎన్నటికీ చెల్లదనీ అక్కడ ఉంది. తెలియని సంగతిని నోటితో చెప్పుకుని తేలిగ్గా తీసుకున్నారు, అల్లా దగ్గర అది ఎంతో పెద్దది అని ఉంది. తీర్పు రోజున వాళ్ళ నాలుకలే వాళ్ళ మీద సాక్ష్యం చెబుతాయని కూడా ఉంది. ఆపా మళ్ళీ చదవమంది. చదివాను. తొడిమల కుప్ప వైపు చూసి అంది:

"ఈ పేజీ వాడికి నేనే నేర్పా తమ్ముడూ. ఒక్క తప్పు లేకుండా వచ్చిందాకా వదల్లేదు."

"శుక్రవారం మైకులో చదివేస్తా ఆపా. పేరు పెట్టి చదువుతా."

"వద్దు. నా దగ్గర కూర్చుని నేర్చుకున్నోడు. నేనున్నన్నాళ్ళూ వద్దు."

ఆపా ఇప్పుడు లేదు.

పోయినవాళ్ళ కోసం మూడో రోజు జరిపే జియారత్ ప్రార్థనకు ఆయన వచ్చాడు. ఆపా ఇంట్లో, ఆపా చాప మీద కూర్చుని, అదే సూరా ఎత్తుకున్నాడు. వింటున్నవాళ్ళు కళ్ళు మూసుకుని "సుభానల్లా" అన్నారు. ఆయన కంట్లోనూ నీళ్ళే. అయిపోగానే నేను లేచాను.

"ఇంకా అవలేదు. ఇప్పుడు ఇదే తెలుగులో."

"సందర్భమా ఇది తమ్ముడూ?" అన్నాడు ఒక పెద్దాయన.

"సందర్భం ఇదే మామూ" అని చదివాను. పరదా వెనక నుంచి ఆపా కూతురి గొంతు వచ్చింది. "ఎవరు చూశారు? నలుగురొద్దు, ఒక్కళ్ళు చెప్పండి."

ఆయన తల ఎత్తలేదు. "అందరూ అనుకున్నారు... నేనూ అన్నా" అని, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

లేదు. అందరూ అనుకోలేదు. నువ్వు అన్నావు, అందరూ నవ్వారు. కొరడా నా చేతిలో లేదు, దాన్ని పట్టే హక్కూ నాకు లేదు. కానీ నువ్వు ఎక్కడ ఈ సూరా ఎత్తుకుంటే అక్కడ నేను తెలుగు పుస్తకంతో లేచి నిలబడతాను. నీ తేనె వెనకే ఆపా కొరికిన కాయ కూడా నీ నోటికి తగులుతుంది. తౌబాకు, పశ్చాత్తాపానికి, దారి కూడా ఆ పేజీలోనే, ఆ మాట పక్కనే ఉంది. అర్థం తెలిసుంటే ఈపాటికే కనపడేది.

ఇవాళ అసర్ తర్వాత ఆపా కూతురు అదే వసారాలో చదువు మొదలుపెడుతోంది, అరబీ ముందు, తెలుగు వెంటనే. పొద్దున్నే రేహళ్ళు దించి, తుడిచి, వరసగా విప్పి పెట్టింది. ఒక్కటీ నిండలేదు, చేతులు చాచినట్టు ఉన్నాయి. నవ్విన తండ్రులారా, పిల్లల చేయి పట్టుకుని ఇవాళే తీసుకురండి. తేనె గొంతూ, నువ్వు కూడా రా. సాక్షులు అక్కర్లేదు. ఆ వాకిట్లో నిలబడి, అందరికీ వినపడేలా "నేను చూడలేదు" అను. ఇవాళే అను, ఆపా దిద్దిన ఆ నాలుక ఇంకా నీ మాట వింటుండగానే.