పొనికి చెక్క గిటారు

మొన్న పక్కింటివాళ్లు పాత తలుపులకు లక్క పాలిష్ పెట్టిస్తుంటే, స్పిరిట్‌లో నానిన ఆ లక్క వాసన తడి గోడల వాసనతో కలిసి మా గుమ్మంలోకి వచ్చింది. కూరగాయల సంచి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పంతొమ్మిదివందల అరవైలు ముగిసే రోజుల్లో, హనుమకొండలో మా పెరటి రేకుల కొట్టం ఒక వానకాలమంతా ఇదే వాసన వేసేది.

ఆ కొట్టం మా చిన్నబాపుది. మా నాయన తమ్ముడు రాజేశాన్ని పిల్లలమంతా అలాగే పిలిచేవాళ్లం. తాతకు బజారులో జంపఖానాల దుకాణం ఉండేది. కొత్తవాడ మగ్గాల మీద నుంచి దిగిన చారల జంపఖానాల చుట్టలు ఇంటి ముందుగదిలో కూడా కప్పు దాకా పేర్చి ఉండేవి, వాటి మీదికెక్కి దూకడం, వాటి సందుల్లో నూలు వాసన పీలుస్తూ దాక్కోవడం మా ఆట. నాయన దుకాణం చూసుకునేవాడు. చిన్నబాపు మాత్రం రేడియోలు బాగుచేస్తూ, సాయంత్రాలు స్నేహితుల ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాడు. లావుపాటి నాలుగు తీగలతో, పాట అడుగున గంభీరంగా నడిచే వాయిద్యం అది. సికింద్రాబాద్ నుంచి ఎవరిదో అడిగి తెచ్చుకున్నది, మోయలేనంత బరువు.

ఆ ఏడు ఎండాకాలం ఆయనకు క్షయ పట్టుకుంది. దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికి అంగీ లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నట్టయ్యాడు. బరువులు ఎత్తొద్దన్నారు. అయినా వినకుండా ఆ గిటారు భుజాన వేసుకుని, పాట సగంలోనే ఆయాసంతో కూలబడ్డాడు. దసరాకు సుబేదారిలో ప్రోగ్రాం ఒప్పుకుని ఉన్న స్నేహితులు, మొహమాటపడుతూనే, ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

"బతికొచ్చినవ్, గది చాలు. ఇగ దుకాణంల కూసో," అన్నాడు తాత. ఆయనకు చెవుడు. తనకు వినబడదు కాబట్టి ఎవరికీ వినబడదన్నట్టు అందరితోనూ అరిచే మాట్లాడేవాడు.

"దసరా దాక ఆగు నాయినా," అని చిన్నబాపు కూడా అరిచాడు. దగ్గు తెర వచ్చి మిగతా మాట లోపలే ఉండిపోయింది.

తన భుజం మోయగలిగే గిటారు తానే చేసుకోవాలని ఆయన పట్టుదల. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క తెప్పించాడు. పలక ఎంత పెద్దదైనా మేం ఆడపిల్లలం కూడా ఒంటిచేత్తో ఎత్తేవాళ్లం. రేకుల మీద వాన దంచుతుంటే, వసారాలో నానమ్మ బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తుంటే, చిన్నబాపు రంపం కోతకూ కోతకూ మధ్య ఊపిరి తీసుకుంటూ పనిచేసేవాడు. ఆయన కనుబొమ్మల మీద తెల్లటి పొట్టు నిలిచేది. తీరా తీగలు బిగించిన రోజున, వాటి గుంజుడుకు మెత్తటి చెక్క ఫట్టున చీలిపోయింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. తెల్లారి లేచి పాత దర్వాజ టేకు బద్దను పైనుంచి కింది దాకా ఒకే ముక్కగా చెక్కి, తీగల బిగువంతా దాని మీద పడేలా చేసి, పొనికి చెక్కను దానికి అటూ ఇటూ రెక్కల్లా అతికించి, పైన లక్క పాలిష్ పూత మీద పూత పెట్టాడు.

ఇక మిగిలింది తీగల అదురును రేడియోకు అందించే చుట్ట. పాత స్పీకరు అయస్కాంతం మీద వెంట్రుకలాంటి రాగితీగ వేల చుట్లు చుట్టాలి. ఎంత జాగ్రత్తగా చుట్టినా పుటుక్కున తెగేది. నానమ్మ పుట్టిల్లు కొత్తవాడ. చిన్నప్పుడు మగ్గాలకు నూలు కండెలు చుట్టిన చెయ్యి ఆమెది. రాట్నం తెచ్చి పక్కన కూర్చుంది.

"జరుగు బిడ్డా. గట్ల గుంజితే అలుగుతది. అది అడిగినంతనే ఇయ్యాలె."

"నీకు కండ్లు కనిపిస్తయా అవ్వా?" అని తల్లిని అడిగాడు చిన్నబాపు.

"కండ్లతోని చుడుతర్రా దీన్ని?" అని, మాతో కబుర్లాడుతూనే చుట్టేసింది.

బతుకమ్మ రోజులవి. వాకిలంతా గునుగు, తంగేడు పూలు, తాంబాళంలో సత్తుపిండి ముద్దలు. మధ్యాహ్నం చిన్నబాపు ఇంట్లోకి తెచ్చి గిటారును రేడియోకు కలిపి మొదటి తీగ మీటాడు. గూట్లో ఇత్తడి గిన్నెలు సన్నగా మోగాయి. మేం కేరింతలు కొట్టాం. అన్నానికి వచ్చిన తాత గుమ్మంలో నిలబడి మా నోళ్లవంక చూశాడు. చిన్నబాపు తాత చెయ్యి పట్టుకుని పొనికి చెక్క మీద పెట్టి, అదే తీగ మళ్లీ మీటాడు.

తాత చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి, ఎన్నడూ లేనంత మెల్లగా, "రాజేశం, ఇనొస్తాందిరా," అన్నాడు. పీట లాక్కుని కూర్చున్నాడు. అన్నం చల్లారిపోయింది.

ఆ తేలిక గిటారు చూసి స్నేహితులు మళ్లీ కలుపుకున్నారు, సుబేదారిలో చిన్నబాపు ప్రోగ్రామంతా నిలబడే వాయించాడు. పండగ వెళ్లాక, దసరా దాకా ఆగమన్న మాట ప్రకారం దుకాణంలోనూ కూర్చున్నాడు. పొద్దుగూకే వేళకు మాత్రం తండ్రీకొడుకులిద్దరూ కొట్టంలో ఉండేవాళ్లు, వాయిస్తూ ఒకరు, చెయ్యి ఆనించి ఒకరు. తాత చనిపోయిన ఏడాదే చిన్నబాపు ఆ గిటారును బొంబాయి వెళ్తున్న స్నేహితుడికి ఇచ్చేశాడు. 

కొట్టం ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. కొత్తవాడలో మగ్గం చప్పుడు కోసం గల్లీలు తిరగాలి. బతుకమ్మకు వీధి చివర నిలబెట్టే పెద్ద స్పీకరు డబ్బాల మోతకు కిటికీ అద్దాలు అదురుతాయి, చెవులు మూసుకున్నా వినబడుతుంది. చిన్నబాపు కూడా నిరుడు పోయాడు. తాత చేత్తో విన్న ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉన్నవాళ్లలో ఈ ఊళ్లో ఇక మిగిలింది నేనొక్కదాన్నే.