సిలార్ సాయిబు అడిగి తీసుకున్న కొలత

సిలార్ సాయిబు ఇక లేరన్న వార్త మొన్న గురువారం పొద్దున బడిలో ఉండగా నా చెవిన పడింది. ఏడో తరగతికి సంధులు చెబుతున్నాను. గుమ్మం దగ్గర నిలబడి మా అన్నయ్య చేత్తో పిలిచాడు. జిన్నింగు మిల్లులో పని వదులుకుని ఆరు మైళ్ళు వచ్చాడంటేనే ఏదో జరిగిందని అర్థమైంది. "సాయిబు పోయాడురా. తెల్లారి లేచి నమాజు చేసుకుని కూర్చున్నాడంట, అట్టాగే ఒరిగిపోయాడంట" అన్నాడు. పిడుగుపాటు లాంటి వార్త అని రాయడం మా భాషాపండితులకు అలవాటు. ఆ మాటకు అర్థం నాకు ఆ పూటే తెలిసింది. ముందురోజు సాయంత్రమే ఆయన నా సైకిలు చైనుకు నూనె వేసి, "వానలు పడేలోగా ఒకసారి తెండి అయ్యోరూ, బేరింగులు కడుగుదాం" అన్నారు. వానలు ఇంకా పడనే లేదు.

నరసరావుపేటలో కోటప్పకొండకు పోయే రోడ్డు మొదట్లో ఉన్న రేకుల కొట్టు ఆయనది. బోర్డు లేదు. అవసరమైనవాళ్ళకు దారి తెలుసు, అవసరం లేనివాళ్ళు ఎందుకు రావాలి అనేవారు. ముందర పని, వెనకాల సరుకు. ఆ వెనక గదిలోకి మనిషి నేరుగా నడిచి పోలేడు, పక్కకు తిరిగి దూరాలి. దూలాలకు చక్రాలు, గోడలకు ఫ్రేములు, మూలల్లో హ్యాండిళ్ళు, సీట్లు, పెడళ్ళు. ప్రతిదానికీ పాతగుడ్డ పీలిక కట్టి, అది ఎవరి సైకిలుదో ఉర్దూలో రాసేవారు. ఒకరి ముక్క తీసి ఇంకొకరి సైకిలుకు బిగించేముందు పాత యజమానికి కబురు పెట్టడం ఆయన పద్ధతి. నా బెల్లు రిటైరైన పోస్టుమానుది. దాన్ని మోగించినప్పుడల్లా ఆ ముసలాయన అరుగు మీద నుంచి తలెత్తి చూసేవాడు.

ఆయనతో నా పరిచయం అవసరంకొద్దీ మొదలైంది. పసితనంలో వచ్చిన పోలియో వల్ల నా ఎడమ కాలు కుడిదానికంటే రెండు వేళ్ళ మందం పొట్టి, మోకాలు సగం దాకానే వంగుతుంది. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఏడాది నాకు తెలుగు పండితుడిగా ఉద్యోగం వచ్చింది. బడి సాగర్ కుడికాలువ కట్ట వెంబడి ఆరు మైళ్ళు. బస్సు పొద్దున్నే ఒకటి పోతుంది, అదీ ఇష్టమైతే. అన్నయ్య రోజూ నన్ను క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని దించి, మిల్లుకు ఆలస్యంగా చేరేవాడు. మూడో నెలలో మేస్త్రీ ముఖం మీదే చెప్పేశాడు, వచ్చే నెల నుంచి వేళకు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని. అన్నయ్య పని పోవాలి, లేకపోతే నా పని పోవాలి. మామూలు సైకిలు నేను ఎక్కలేను. కడ్డీ మీదుగా కాలు తిప్పడానికే నాకు ఇంకొకరి సాయం కావాలి.

ఆ రోజుల్లో సాయిబు దగ్గర ఒక ఎర్ర బీఎంఎక్స్ సైకిలు ఉండేది. పత్తి వ్యాపారి ఒకాయన కొడుకు కోసం మద్రాసు నుంచి తెప్పించాడు. దానికి క్యారేజీ లేదని, మడ్డిగార్డులు లేవని, చూసినవాళ్ళంతా సర్కస్ సైకిలు అంటున్నారని ఆ పిల్లవాడు నెలకే విసుక్కుని ఇచ్చేశాడు. సాయిబు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "అయ్యోరూ, ఇది మీకోసం పుట్టింది" అన్నారు. ఫ్రేము కురచ, కడ్డీ కిందికి ఉంది, కాలు తిప్పడం తేలిక. కానీ చక్రాలు మరీ చిన్నవి, కట్ట మీద ఆరు మైళ్ళు తొక్కితే నడుము మిగలదు. వెల్డింగు కొట్టులో ముందూ వెనకా ఫోర్కులు పొడిగించి, అంతకంటే పెద్ద చక్రాలు ఎక్కించారు. విజయవాడ పోయే లారీ డ్రైవరు చేత లావు టైర్లు తెప్పించారు. హ్యాండిలు ఎత్తుది వేశారు. అంతా అయ్యాక నేను మడ్డిగార్డుల సంగతి ఎత్తాను. "వానాకాలం నల్లమట్టి మడ్డిగార్డులో ఇరుక్కుంటే చక్రం తిరగదు. మీకు పంచె కావాలా, బడి కావాలా?" అని అడిగారు. రెండూ కావాలన్నాను. ఆ ఏడాది నుంచి నేను వానాకాలంలో ప్యాంటు తొడుగుతున్నాను.

సైకిలు చేతికొచ్చింది ఆదివారం పొద్దున. ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర పదిమంది నిలబడి చూస్తున్నారు. ఎక్కాను. కుడి కాలు నొక్కితే బండి కదిలింది. ఎడమ పెడలు పైకి వచ్చేసరికి మోకాలు వంగక, కాలు అక్కడే బిగుసుకుపోయింది. టీ కొట్టు బల్లల ముందు పడ్డాను. లేచి చూస్తే ఎడమ పెడలు మీద రెండు వేళ్ళ మందం చెక్క బిగించి ఉంది.

"ఈ చెక్క ఎవరు ఎయ్యమన్నారు?" అని అరిచాను. అంత గట్టిగా నేను క్లాసులో కూడా అరవను.

"మీ చెప్పు చూసి ఏశా అయ్యోరూ" అన్నారు సాయిబు. "మీరు చాప మీద కూర్చున్నప్పుడు గుమ్మం కాడ చెప్పులు ఇడిచారుగా. ఎడమ దానికి రెండు వేళ్ళ మందం అట్ట ఎక్కువుంది. పెడలుకూ అంతే ఎత్తు ఏశా."

"చెప్పు తొడుక్కునే గదా తొక్కేది. ఎత్తు రెండుసార్లు ఎక్కింది. నన్ను ఒక్క మాట అడిగితే ఏం పోయింది?"

"కాలు సంగతి ఎట్టా అడిగేది? నొచ్చుకుంటారని..."

"అడగనందుకే నొచ్చుకున్నా. మా నాయన పాడె కాడా ఇంతే. నువ్వు పక్కన నడువు అన్నారు గానీ, మొయ్యగలవా అని ఒక్కడూ అడగలా."

ఆ మాట నా నోటి నుంచి ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. అన్నయ్యతో కూడా ఎప్పుడూ అనలేదు. సాయిబు చూస్తున్నవాళ్ళను "పోండయ్యా, తమాషా ఏం లేదు" అని పంపించేశారు. స్పానరు పట్టుకుని నిలబడ్డ పెద్దకొడుకు బాషాను చాప పరవమన్నారు. నా ఎదురుగా కూర్చుని, మోకాలి మీద చెయ్యి పెట్టి, "చెప్పండి అయ్యోరూ. ఎందాక వంగుద్ది? ఏడ నొప్పి పుట్టుద్ది?" అన్నారు.

నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. నా కాలు గురించి సూటిగా నన్నే అడిగిన మొదటి మనిషి ఆయన. డాక్టర్లు నాన్నను అడిగేవారు. బంధువులు అమ్మను అడిగేవారు. సంబంధం చూడవచ్చిన పెళ్ళిపెద్దలు పక్కింటివాళ్ళను అడిగేవారు. నేను గంటసేపు చెప్పాను. సాయిబు నూలుదారం పట్టి కొలిచి, కొలత దగ్గర ముడి వేసుకున్నారు. చెక్క పీకేశారు. పెడలును తిప్పే కడ్డీ, అదే క్రాంకు, పిల్లల సైకిలుది పొట్టిది వెతికి ఎడమ పక్క బిగించారు, కాలు చిన్న చుట్టు తిరిగితే చాలునని. జారిపోకుండా పాత బెల్టు కోసి పాదానికి పట్టీ కుట్టారు. సీటు అంగుళం వెనక్కి జరిపారు. మళ్ళీ ఎక్కాను. కాలువ కట్ట దాకా పోయి, తిరిగి వచ్చి, ఆగడం ఇష్టంలేక కొట్టు దాటి ఇంకోసారి పోయాను. మర్నాడు అన్నయ్య మిల్లుకు వేళకు వెళ్ళాడు.

ఆ తర్వాత కొట్టు నడత మారింది. ఎవరు వచ్చినా ముందు చాప, తర్వాత ప్రశ్నలు. హ్యాండిలు సరిగా తిరగడం లేదని ఫిర్యాదు తెచ్చిన ఒక కానిస్టేబులును కూర్చోబెట్టి, "పొట్ట సంగతి అడుగుతున్నా, ఏమనుకోవాకండి" అన్నారు. ఆయన ముందు మీసం దువ్వి, తర్వాత నవ్వి, చివరికి హ్యాండిలుకు పొట్టే అడ్డమని ఒప్పుకున్నాడు. ఇంత మొహమాటం లేకుండా ఎలా అడుగుతారని ఒకసారి అడిగితే, "అడిగితే ఒక్క నిమిషం సిగ్గు అయ్యోరూ. అడక్కపోతే రోజూ మోకాలు నొప్పి" అన్నారు. తప్పును ఒప్పుకోవడం సంస్కారమని మేము పిల్లలకు పాఠం చెబుతాం. తన తప్పును వృత్తిధర్మంగా మార్చుకున్న మనిషిని నేను ఆయననొక్కరినే చూశాను.

గురువారం మధ్యాహ్నం నమాజు తర్వాత సాయిబు పాడెను, వాళ్ళ మాటలో జనాజాను, లేపారు. వీధి నిండా జనం. సైకిలు గోడకు ఆనించి, అలవాటు ప్రకారం నేను పక్కకు జరిగి నిలబడ్డాను. పాతికేళ్ళ బాషా, తను మోస్తున్న తండ్రి జనాజా ముందుకొమ్మును ఇంకొకరికి అప్పగించి, జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అయ్యోరూ, కాంధా ఇస్తారా? మొయ్యగలరా?" అన్నాడు.

తల ఊపి, రెండడుగులు ముందుకు వేశాను.

"ఏ భుజం వీలు మీకు?" అన్నాడు మళ్ళీ.

"కుడిది" అన్నాను.

ఎడమ పక్క కొమ్ము కిందికి తీసుకుపోయి నిలబెట్టాడు. ముందు నడిచేవాళ్ళతో, "నిదానంగా పోండి, అయ్యోరు మోస్తున్నాడు" అన్నాడు. నా ప్రతి అడుగుకూ జనాజా కాస్త ఒరిగింది. ఎవరూ నన్ను తప్పుకోమనలేదు. మసీదు మలుపు దాకా మోసి, భుజం మార్చుకునేవాళ్ళకు చోటిచ్చాను.

మహనీయులు పోయినప్పుడు వారి లోటు తీరనిదని రాస్తాం. సిలార్ సాయిబు మహనీయుడని ఆయన బతికుండగా ఎవరూ అనలేదు, అంటే సిగ్గుపడి స్పానరు వెతుక్కునేవారు. ఆ నూలుదారం ఇంకా వెనక గదిలో మేకుకు వేలాడుతోందట, నా పేరు రాసిన గుడ్డ పీలికతో సహా. కావాలా అని బాషా అడిగాడు. అక్కడే ఉండనివ్వమన్నాను. నాన్నకు మొయ్యలేకపోయిన అడుగులు ఆ వీధిలో సాయిబుకు మోశాను. నా నివాళి అంతే.