అవ్వ వేళ్ల గుర్తులు

ఆదిలాబాద్ దగ్గరి ఒక పల్లెలో ఇత్తడి పోతపోసే సోనాబాయిని నేను కలిసింది ఒక్కసారే. హారతి దీపం చేయించుకుందామని మా అవ్వను తీసుకుని కరీంనగర్ నుంచి వెళ్లాను. చేతులు వణికి హారతి కిందపడ్డ రోజు నుంచి అవ్వ దేవుడి గదిలోకి రావడమే మానేసింది.

"పిడి మీద నెమలి ఉండాలె," అన్నాను.

సోనాబాయి నా మాట వింటూనే అవ్వ చేతుల వైపు చూసింది. అవ్వ వాటిని కొంగు కింద దాచుకుంది. సోనాబాయి మెత్తబడిన మైనం ముద్ద తెచ్చి, "జర గట్టిగ పట్టు, అవ్వా," అన్నది.

"నా చెయ్యి ఆగది బిడ్డా. నీ మైనం ఖరాబైతది."

"కానియ్యి. మైనం నాది, ఫికర్ నీకెందుకు?"

అవ్వ నవ్వి పట్టుకుంది. వేళ్లు నొక్కిన చోటల్లా గుంటలు పడ్డాయి.

"మల్ల నున్నగ చేస్తవు గదా?" అన్నాను, నొచ్చుకుంటూ.

"ఎందుకు చేస్తనక్కా? గిదే పిడి. గిట్లనే మట్టి పూసి కాలుస్త. మైనం కరిగిపోయిన జాగల ఇత్తడి పోస్త. నెమలి వద్దు. దాని బరువుకు చెయ్యి ఇంకింత వణుకుతది."

అందమంటే పైన చెక్కే నగిషీ అనుకునేదాన్ని. అది పట్టుకునే చేతి దగ్గర మొదలవుతుందని ఆమె దగ్గరే తెలిసింది. ఆమె ఇల్లు చల్లగా ఉండాలని రోజూ దేవుడికి చెప్పుకుంటాను.

ఇప్పుడు రోజూ అవ్వే ఆ దీపంతో హారతి ఇస్తుంది; మంట వణుకుతుంది కానీ దీపం జారదు. మొన్న అవ్వకు జ్వరమొస్తే హారతి నేనే ఇద్దామనుకున్నాను. నా వేళ్లు ఆ గుంటల్లో ఇమడలేదు.

"నీకు రాదు తియ్యి, అది నా చేతిది," అంటూ అవ్వ మంచం మీంచి లేచి వచ్చింది.