ఫ్లోరీ అత్త టోపీ బేరం

సిడ్నీకి దూరంగా ఉన్న వరల్బా ఊళ్లో ఫ్లోరీ అత్త నోటికి జడవనివాళ్లు లేరు. పొద్దంతా హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసేది, సాయంత్రం ఊరి బయట తనలాంటి ఆదివాసులను విడిగా ఉంచిన మిషన్ వాడకి చేరి అందరి తగవులూ తీర్చేది. అంతటి మనిషీ మిసెస్ ప్రిచర్డ్ బట్టల దుకాణంలో మాత్రం నోరు కట్టేసుకోవలసిందే. అక్కడ ఆదివాసీ ఆడవాళ్లు ఏదైనా కొనుక్కోవచ్చు గానీ, ఒంటిమీద పెట్టి చూసుకోకూడదు. వీళ్లు తొడిగింది మళ్లీ తెల్లవాళ్లు కొనరట. చోద్యం కాకపోతే ఏమిటి?

అందుకని మిషన్‌లో ప్రతి ఇంట్లోనూ మేకుకి దారాలు వేలాడేవి. నడుముకొకటి, తలకొకటి. ఆ దారం పట్టుకెళ్లి, టోపీ లోపల చుట్టి చూసి కొనుక్కునేవారు. చర్చి పెళ్లికి ఆడవాళ్లకి టోపీ తప్పనిసరి. పెద్దమ్మాయి పెళ్లికి ఫ్లోరీ అత్త హడావిడిలో మొగుడి తల కొలిచిన దారం పట్టుకెళ్లింది. ఆయన తల గుమ్మడికాయంత. టోపీ ఆమె ముక్కుదాకా దిగింది. పెళ్లి తంతంతా చెవులతోనే చూసింది పాపం.

ఇప్పుడు శనివారం చిన్నమ్మాయి నెరీడా పెళ్లి. ఈసారైనా తలకు పెట్టుకుని, అద్దంలో చూసుకుని మరీ కొనాలని ఆమె పంతం.

ఆ గురువారమే సిడ్నీ నుంచి విద్యార్థుల బస్సు దిగింది. పంతొమ్మిది వందల అరవై అయిదో సంవత్సరం, ఫిబ్రవరి ఎండ మాడ్చేస్తోంది. ఆదివాసులను ఇలా వేరుగా చూడటం అన్యాయమని రాసిన అట్టలు పట్టుకుని ముప్పైమంది తెల్లపిల్లలు దుకాణం ముందు నిలబడ్డారు. ఎర్రగా కమిలిన మొహాలు చూసి అత్తకు జాలేసింది.

"ఎవరి పిల్లవే నువ్వు?" అని ముందున్న అమ్మాయిని అడిగింది.

"నా పేరు హిలరీ అండీ. యూనివర్సిటీలో..."

"అండీ గిండీ ఎందుకు, అత్తా అను. ఇలా ఎండలో మాడితే ఆవిడకేం నష్టం? లోపలికి పోండి. ఉన్న టోపీలన్నీ పెట్టుకు చూడండి. ఒక్కటీ కొనకండి."

పిల్లలకు పండగే అయింది. మగపిల్లలు సైతం పూల టోపీలు పెట్టుకుని అద్దం ముందు వయ్యారాలు పోయారు. తెల్లపిల్లలు మరి, వద్దనడానికి మిసెస్ ప్రిచర్డ్‌కి నోరు రాలేదు. టోపీలన్నీ అన్ని తలలూ తిరిగొచ్చాక, అత్త తాపీగా లోపలికొచ్చి ఓ నీలం టోపీ అందుకుంది.

"ఫ్లోరీ, నీకు తెలుసుగా, పెట్టుకోకూడదు. తర్వాత ఎవరూ కొనరు," అంది మిసెస్ ప్రిచర్డ్.

"నాలుగు రోజులుగా బస్సులో దుమ్ము కొట్టుకుపోయిన తలలమ్మా వీళ్లవి. స్నానం ఎరగరు. నేను పొద్దున్నే తలంటుకుని వచ్చాను. ఏ తలకి పెడితే నీ సరుకు పాడవుతుందో నువ్వే చెప్పు."

మూల నిలబడ్డ పోస్టుమాస్టరు గారి భార్య ఫక్కున నవ్వేసింది. మిసెస్ ప్రిచర్డ్ మొహం కందగడ్డయింది. ఊళ్లోవాళ్లంతా గుమ్మంలో మూగి చూస్తున్నారు. చివరికి గొణిగినట్టు, "సరే, కానివ్వు," అంది.

అత్త అద్దం ముందు కూర్చుంది. టోపీ రెండు చేతులా పెట్టుకుంది. టోపీ తలకు సరిగ్గా సరిపోయింది. కుడివైపు తిరిగింది, ఎడమవైపు తిరిగింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఆమె టోపీ తీసి బల్లమీద పెట్టింది.

"నచ్చలేదు," అంది.

హిలరీకి ఏడుపొక్కటే తక్కువ. అత్త చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చి, "దీనికోసమే కదత్తా ఇంత గొడవ? బాగానే ఉందిగా," అంది.

"నలభై ఏళ్లుగా ఈ కొట్లో కొంటున్నానే. నచ్చలేదనే మాట అనడం ఇదే మొదలు. ఆ మాట అంటుంటే ఎంత బాగుందో తెలుసా?" అంటూ అత్త కళ్లు తుడుచుకుంది, నవ్వుతూనే. "ఉండు, పై అరలో ఇంకా ఏడు టోపీలున్నాయి," అని మళ్లీ లోపలికి నడిచింది.