సోమరి ఎంజైము

నరసరావుపేట కాలేజీలో జువాలజీ చెప్పే అమరేశ్వరరావుకు పాఠం పాఠమే, చుట్ట చుట్టే. కాన్సర్ పాఠం ముగించి, వరండా మెట్ల మీదే చుట్ట ముట్టిస్తాడు. చొక్కా మీద బూడిద రాలినా దులుపుకోడు. పిల్లలు ముసిముసిగా నవ్వితే మాత్రం ఊరుకోడు. "ఒరేయ్, పొగలో తారు అమాయకురాల్రా! దాన్ని కరిగించి బయటికి తోలేద్దామని ఒంట్లో ఒక ఎంజైము ఎగబడి, దాన్నే విషంగా మార్చిద్ది. ఆ పనిరాక్షసుడు ఎవడి ఒంట్లో ఉంటే వాడికే కాన్సరు. మా ఇంటి ఎంజైము చానా సోమరిపోతు. మా నాయన బతికినన్నాళ్ళూ చుట్ట కాల్చాడు. ఎద్దు పొడిచి పోయాడు గానీ కాన్సర్ వచ్చి కాదు," అంటాడు.

ఒక ఆదివారం భార్య అనసూయమ్మ పండుమిరపకాయ పచ్చడి వడ్డించింది. రోజూ గిన్నె ఊడ్చేసే మనిషి మొదటి ముద్దకే నోరు భగ్గున మండి కళ్ళనీళ్ళు పెట్టుకుని, పచ్చడిని కంచం అంచుకు నెట్టి, పెరుగు పోసుకున్నాడు. పల్నాటి మగాడు పచ్చడి పక్కకు నెట్టడం ఆ ఇంట్లో ఇదే మొదలు. ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసింది.

"ఏందండీ, మీ సోమరిపోతు పనిలోకి దిగాడా?"

ఆమె గూట్లోంచి టార్చిలైటు తీసుకొచ్చి, "ఏదీ, నోరు తెరవండి," అంది.

క్లాసులో ఏనాడూ మూతపడని ఆ నోరు తెరుచుకోలేదు.