మా పెళ్ళికారు ఎడమ తలుపు

ఆ రోజుల్లో, అంటే నా వెన్నెముక ఇంకా వంగడం నేర్చుకోని రోజుల్లో, ఎవరైనా ఇంటికొచ్చి పెళ్ళికి కారు అడిగితే చాలు, మా వంశం ఇంకా మిగిలే ఉందని నమ్మకం కలిగేది. విజయనగరం వైపు మాకు ఏడు ఊళ్ళుండేవట. నేను చూసింది మాత్రం జంషెడ్‌పూర్ సీతారాండేరాలో మూడు గదుల ఇల్లు, గోడల పగుళ్ళను కప్పుతూ తాతముత్తాతల పటాలు (పగులు పెరిగినప్పుడల్లా ఇంకాస్త పెద్ద తాతను వెతికేవాళ్ళం), తాతగారు కొన్న నల్లకారు ఒకటి. నా ఉద్యోగం ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు రాయడం. మా అమ్మ దాన్ని ‘వ్యవహారాలు చూడటం’ అనేది. జంషెడ్‌పూర్ తెలుగు బస్తీల్లో పెళ్ళికొడుకు మా కారులోనే ఆడపెళ్ళివారింటికి వెళ్ళాలన్నది తాతగారి నాటి ఆనవాయితీ. బాడుగ పుచ్చుకునేవాళ్ళం కాదు. డ్రైవరు సెలవులో ఉన్నాడని చెప్పి నేనే తోలేవాణ్ణి. (ఆ సెలవు మొదలై అప్పటికి పదకొండేళ్ళు.)

ఆ ఏడు శ్రావణంలో ఒక పెళ్ళివారు వచ్చారు. పెళ్ళికొడుకు తాత ఒకప్పుడు మా ఊళ్ళో మా గుర్రబ్బండి తోలినవాడు. తండ్రి ఇక్కడ కార్ఖానాలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, అడగబోయే మాట నాకు ముందే తెలిసినట్టు తల పంకించాను. తండ్రి అడిగింది మాత్రం వేరు.

“కారు తవరిదే కావాల బాబుగారూ. మరేటంటే, మావోడు పాటలుండాలంటన్నాడు.”

పక్కన నిలబడ్డ పెళ్ళికొడుకు మా కారును కిటికీలోంచి చూస్తూ, “భయ్యా, గాడీ మే బేస్ హై క్యా? దోస్త్ లోగ్ నాచేంగే,” అన్నాడు. గుండె అదిరే మోత ఉంటేనే స్నేహితులు చిందేస్తారట.

“లేపోతే తెల్లకారేదో అద్దెకి తెత్తాడంట,” అన్నాడు తండ్రి, నేల చూస్తూ.

ఒక్క గుమ్మం ముందు ఆ తెల్లకారు ఆగిందంటే మరుసటి ముహూర్తానికి మా గుమ్మం తొక్కేవాడుండడు. అప్పుడిక మేమెవరం? మూడు గదుల్లో ఉండే తల్లీకొడుకులం. “మా కారులో లేనిదంటూ ఉండదు,” అని గంభీరంగా చెప్పి పంపించాను. మర్నాడే సాక్చీ బజారుకు వెళ్ళి, ఎవరో వాడి వదిలేసిన పెద్ద సబ్‌వూఫర్ పెట్టె, అంటే బరువైన మోత పుట్టించే స్పీకరు, కొని డిక్కీలో బిగింపించాను.

మొదటి పాట పెట్టగానే కారు నలుమూలలా మాట్లాడటం మొదలుపెట్టింది. నెంబరు ప్లేటు గజగజ వణికింది. డిక్కీ మూత పళ్ళు కొరికింది. అద్దాలు, యాష్‌ట్రే, సీటు కింద ఎప్పుడో పడిన బోల్టు, ఒకటేమిటి, తాతగారి కాలం నుంచీ మర్యాదకు నోరు మూసుకున్నవన్నీ ఒక్కసారిగా నోళ్ళు తెరిచాయి. అమ్మ వాకిట్లోకి వచ్చి, “నాయనా, ఇది పాటేనా?” అని అడిగింది.

భాలుబాసా బస్తీలో అమ్మకు వరసకు అన్నగారు ఒకాయన ఉండేవాడు. టాటానగర్‌లో రైలు పెట్టెల మరమ్మతు చేసి రిటైరైనందుకు అందరూ ఆయన్ను బోగీ మావయ్య అనేవారు. మా చుట్టాల్లో సుత్తి పట్టిన మొదటి మనిషి కాబట్టి ఆయన ఇంటికి నేను పండగలకే వెళ్ళేవాణ్ణి. అందరూ నన్ను ‘మీరు’ అంటే, ఆయనొక్కడే ‘నువ్వు’ అనేవాడు. ఆ రోజు పండగ కాకపోయినా వెళ్ళాను.

పాట వినగానే మావయ్య చెవి గోక్కున్నాడు. “పాట ఆపీ. పాటలో దొంగ దొరకడు బాబూ. ఒక్క సుతి మీద పట్టాల,” అంటూ ఫోనులో ఒకే మోత పెట్టించి దాన్ని కొద్దికొద్దిగా పెంచమన్నాడు. మోత ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా కారులో ఒక్కో చోట జరజరమనేది. ఆయన కారు చుట్టూ తిరుగుతూ అరచేత్తో అదిమి చూసేవాడు. ఎక్కడ అదిమితే చప్పుడు ఆగుతుందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టేవాడు. డిక్కీ మూతను లోపల్నుంచి అదమడానికి మనిషి కావలసి వచ్చింది.

“దూరు,” అన్నాడు.

“నేనా?”

“మరి మీ తాతొత్తాడేటి?”

ఏడూళ్ళ వారసుణ్ణి, ముడుచుకుని డిక్కీలో పడుకున్నాను. ఆ మోత నా పక్కటెముకల్లోంచి పోయింది. మావయ్య బయటి నుంచి, “ఆగిందా? నీ పళ్ళ సప్పుడు కాదు, మూతది!” అని అరిచేవాడు. సాయంత్రానికి నెంబరు ప్లేటు వెనక రబ్బరు ముక్కలు, లోపలి కడ్డీలకు గుడ్డపీలికలు, డిక్కీ రేకుకు తారు షీట్లు పడ్డాయి. చప్పుళ్ళన్నీ చచ్చాయి, ఒక్కటి తప్ప. వెనక ఎడమ తలుపు, అంటే సరిగ్గా పెళ్ళికొడుకు దిగే తలుపు, ఇంకా సన్నగా జుయ్యిమంటూనే ఉంది. చీకటి పడుతోంది. “రేపొచ్చి దీని సంగతి సూత్తాను. అందాకా సెయ్యెట్టకు,” అన్నాడు మావయ్య.

ఒకరి కోసం కాచుకుని కూర్చోవడం మా ఇంట లేదు. మర్నాడు పొద్దున్నే తలుపు లోపలి అట్ట నేనే ఊడదీశాను. అడుగున రేకుకు మూడు కన్నాలు కనబడ్డాయి. తాతగారి కారుకు తుప్పు! మావయ్య వచ్చి చూస్తే, ఆయన నోట బస్తీ అంతా వింటే? పడిపోయిన ఇంటివాడికి కన్నం కనబడితే తోచేది ఒక్కటే, అది ఇంకొకరి కంటబడకముందే పూడ్చేయడం. మిగిలిన తారు షీటు వేడిచేసి, రేకుకూ ఆ మూడు కన్నాలకూ గాలి దూరకుండా అంటించాను. మోత పెట్టి చూస్తే తలుపు నోరెత్తలేదు. మావయ్యకు కబురు పంపాను, రానవసరం లేదని.

తర్వాత మూడు రోజులు వాన. పెళ్ళిరోజుకు తెరిపిచ్చింది. ఆ తలుపు కాస్త బరువుగా అనిపించింది గానీ, మంచి పని చేస్తే వస్తువుకు బరువొస్తుందనుకున్నాను. మలుపుల్లో ఎక్కడో నీళ్ళు కదిలినట్టయింది. ఎవరో సీసా తెచ్చుకుని ఉంటారనుకున్నాను. ఆడపెళ్ళివారుండే కద్మా దాకా దారి పొడవునా పాట దద్దరిల్లింది, కారులో మాత్రం ఒక్క రేకు పలకలేదు. “మస్త్ హై భయ్యా!” అన్నాడు పెళ్ళికొడుకు. నా గుండె నిండింది.

ఆడపెళ్ళివారి వాకిట్లో పీట, పళ్ళెం సిద్ధంగా ఉన్నాయి. పెళ్ళికూతురి తండ్రి ఇత్తడి చెంబు పట్టుకుని అల్లుడి కాళ్ళు కడగడానికి నిలబడ్డాడు. మావయ్య కూడా వచ్చి జనంలో ఉన్నాడు. నేను దిగి, నడుం వంచకుండా, తాతగారి పటంలో ఉన్నట్టే నిలబడి ఎడమ తలుపు తెరిచాను. పెళ్ళికొడుకు చెప్పులు విడిచి పాదాలు కింద పెట్టాడు. పాట మోతకు అప్పటికే సగం వదులైన తారు ముక్క తలుపు ఊపుకు ఊడిపోయింది. మూడు రోజుల వాన, కాఫీరంగులో, మూడు ధారలుగా, బళబళమంటూ అతని పాదాల మీద పడింది.

సన్నాయి ఆగింది. పెళ్ళికూతురి తండ్రి చేతిలోని చెంబును చూసుకుని, నన్ను చూసి, “ఆగండి బాబుగారూ! పిల్ల మాది. కాళ్ళు కడిగీది మేవు!” అన్నాడు.

వాకిలంతా గొల్లుమంది. పెళ్ళికొడుకు కూడా పొట్ట పట్టుకున్నాడు. నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మావయ్య వచ్చి గొంతుక్కూర్చుని, తలుపు అడుగున వేలు పెట్టి చూశాడు.

“అవి తుప్పు కన్నాలు కావు బాబూ,” అన్నాడు, నాకొక్కడికే వినబడేలా. “అద్దం సందులోంచి దిగిన నీళ్ళు పోడానికి కారు సేసినోళ్ళే ఎట్టేరు. అడిగుంటే సెప్పీవోణ్ణి కదా.”

పెళ్ళికొడుకు నాయనమ్మ, గుర్రబ్బండి తోలినాయన భార్య, కర్ర పొడుచుకుంటూ వచ్చి, నీళ్ళు చింది తడిసిన నా పంట్లాం చూసింది. “నవ్వితే తప్పు నేదు నాయనా, నవ్వీ,” అంది. పొడి పంచె తెప్పించి కట్టించింది. భోజనాల బంతిలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. అంతవరకు మేం పెళ్ళిళ్ళకు కారు పంపేవాళ్ళమే గానీ విస్తరి ముందు కూర్చునేవాళ్ళం కాదు. ఆ గుమ్మడికాయ పులుసు రుచి నాకు ఇప్పటికీ గుర్తే. మూడుసార్లు వేయించుకున్నాను.

ఇంటికొచ్చి, ఇక మన కారును ఎవరూ పిలవరని అమ్మతో చెప్పాను. వారం రోజులు వాకిట్లోకి రాలేదు. ఆ తర్వాత సబ్‌వూఫర్ పెట్టె ఊడదీస్తుంటే ఒకాయన వచ్చాడు. కద్మా పెళ్ళిలో నా ఎదురు విస్తరిలో కూర్చున్న మనిషే. కూతురి పెళ్ళట.

“పాటలు తీసేస్తున్నాను,” అన్నాను ముందుగానే.

“పాటలెందుకండీ,” అన్నాడాయన. “కారున్నా సరే, నేకపోయినా సరే. మీరు రావాల.”

అంతవరకు మా గుమ్మంలో ఆ మాట అన్నవాళ్ళు లేరు. దానికి ఏం జవాబు చెప్పాలో మా తాతలెవరూ నేర్పి పోలేదు. నేను గొంతు సవరించుకుని, నిటారుగా నిలబడి, “తీరిక చూసుకుని చెబుతాను,” అన్నాను. ఆ నెలంతా నాకు తీరికే. అప్పటి నేను ఇప్పుడు నాకు ఎదురుపడితే చెవి మెలిపెట్టి, వస్తానని చెప్పరా అనాలనిపిస్తుంది. ఆ పెద్దమనిషి ఓ క్షణం నా ముఖంలోకి చూసి, సరేనన్నట్టు తలాడించి, “మీకోసం విస్తరేసి ఉంచుతాను బాబూ,” అని వెళ్ళిపోయాడు.