తెగడానికి కుట్టిన కుట్టు

కారు నేరుగా తిరుచానూరు నుంచే వచ్చింది. బానెట్ మీద పసుపు ముద్దలు, కుంకుమ బొట్లు ఇంకా తడి ఆరలేదు. ముందు అద్దం దగ్గర అమ్మవారి పూల మూర వేలాడుతోంది. రేణిగుంట రోడ్డులో తన సీటు కవర్ల అంగడి ముందు ఆ బండి వచ్చి ఆగడం మునిచంద్ర చూశాడు గానీ, వినలేదు. అరవై రెండేళ్ల మనిషి, చెవులకు ఏమైనా వచ్చిందేమోనని ఒక్క క్షణం అనుమానపడ్డాడు.

దిగింది నరేంద్ర. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ హేమచంద్ర కొడుకు. రెండేళ్ల కిందట తండ్రి గుండెపోటుతో పోయినప్పటి నుంచి ఫ్యాక్టరీ అతనిదే.

"మామా, బాగుండావా? సూడు, నాయన బండికి కొత్త మోడల్ వచ్చినాది. అదే కంపెనీ, అదే పేరు. మార్చేసినా."

"బండి ఆపు చేసినావా?"

"లేదు మామా, నడస్తానే ఉండాది," అని నవ్వాడు నరేంద్ర. "పాతదానికి ఆరు సిలిండర్లు. దీనికి నాలుగే. పెట్రోలు ఇంజనుకు తోడు కరెంటు మోటారు పెట్టినారు. నిలబడినప్పుడు ఇంజను నిద్దరపోతాది. మెల్లిగా పోతే కరెంటు మీదే పోతాది. కాలు గట్టిగా తొక్కితే రెండూ కలిసి లాగుతాయి."

మునిచంద్ర బండి చుట్టూ తిరిగాడు. పాతదానికి ముక్కు మీద పెద్ద జాలీ, దాని చుట్టూ మెరిసే వెండి అంచు ఉండేది. దీనికి అంచే లేదు. జాలీ యాడ ముగిసి రేకు యాడ మొదలైందో తెలియకుండా బండి రంగులోనే కలిసిపోయింది. వెనక ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే ఎర్ర దీపపు గీత. పొడవు మునుపటంతే, చక్రాల మధ్య దూరం పెంచారట. అందుకే లోపల కాళ్లు చాపుకునేంత చోటు.

తలుపు తీయడానికి చేత్తో లాగాల్సిన పనే లేదు. పిడి లోపల వేలితో నొక్కితే చాలు.

"లోపలి నుంచి తీసేటప్పుడు ఇంకా వింత," అన్నాడు నరేంద్ర. "వెనక నుంచి సైకిలో మోటరుబైకో వస్తా ఉంటే తలుపు తెరుచుకోదు. అది పోయినాకే తెరుచుకుంటాది."

లోపల పలక అంత తెర, నెత్తిన గాజు కప్పు, తలుపుల అంచుల్లో రంగు మార్చుకునే సన్నటి వెలుగు. మునిచంద్ర చేయి మాత్రం నేరుగా సీటు మీదికి పోయింది. తెల్లటి తోలు, నిండా సూది మొన అంత రంధ్రాలు. నరేంద్ర తెర మీద ఏదో తాకగానే ఆ రంధ్రాల్లోంచి చల్లగాలి అరచేతికి తగిలింది. సీటు వీపు పక్కన జంట కుట్టు. అంగుళానికి ఎన్ని పోట్లో వేలితో తడిమి చూశాడు. ఎక్కడా ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"తెలుపు మామా, మా పిల్లోళ్లు రెండు దినాల్లో నల్లగా చేస్తారు. పాతదానికి కుట్టినట్టే అన్ని సీట్లకీ కవర్లు కుట్టేయ్. నువ్వైతేనే నాకు ధైర్యం."

మునిచంద్ర చేయి వీపు అంచు దగ్గర ఆగిపోయింది. అక్కడ, కుట్టు పక్కన, చిన్న గుడ్డ చీటీ. దాని మీద ఎయిర్‌బ్యాగ్ అని ఇంగ్లీషు అక్షరాలు.

"టీ తాగుదాం కూర్చో నరేంద్రా," అన్నాడు.

*

మునిచంద్రది నగరి. ఇంట్లో అందరూ మగ్గం మీదివాళ్లే. పదిహేడేళ్లప్పుడు తిరుపతి వచ్చి, బండి సీట్లు కుట్టే ఓబయ్య దగ్గర పనికి చేరాడు. ఆ కాలంలో కొండకు పోయే టాక్సీలన్నీ అంబాసిడర్లే. సీటు విప్పితే లోపల స్ప్రింగులు, గోనెపట్టా, కొబ్బరి పీచు. తడిసిన పీచు వాసన, కొత్త రెగ్జిన్ వాసన, వాటి నడుమ యాత్రికులు వదిలేసిన తులసి ఆకులు, పచ్చకర్పూరం పలుకులు, చిన్నపిల్లల కాలి మువ్వలు. ఒకసారి ఒక సీటు సందులో మంగళసూత్రం దొరికితే ఓబయ్య మూడు రోజులు టాక్సీ స్టాండులో నిలబడి, పోగొట్టుకున్న ఆమెను వెతికి పట్టుకుని చేతికిచ్చి వచ్చాడు.

ఓబయ్య పని నేర్పే పద్ధతి ఒకటే. కుట్టిన అంచును రెండు చేతులా పట్టుకుని, రొమ్ముకు ఆనించుకుని లాగేవాడు. పోగు కదిలిందా, మొత్తం విప్పించి మళ్లీ కుట్టించేవాడు. "కూర్చునేటోడు సావాల, బండి సావాల, నీ కుట్టు మాత్రం తెగకూడదురా," అనేవాడు. మునిచంద్ర ఆ మాట పట్టుకునే పేరు తెచ్చుకున్నాడు. సత్యవేడు నుంచి, పుత్తూరు నుంచి, ఆ పక్క తిరుత్తణి నుంచి కూడా సీటు అంచుల్లో అతను కుట్టే పైపింగ్ కోసం బండ్లు వచ్చేవి.

హేమచంద్ర మొదటిసారి వచ్చింది పాత జీపుతో. అప్పటికి ఫ్యాక్టరీ అంటే రెండు రేకుల షెడ్లు, ఒక బాయిలర్. జీపు వెనక సీట్లు తీయించేసి మామిడి గంపలు పెట్టుకోవడానికి వీలుగా రెగ్జిన్ బల్లలు వేయించుకున్నాడు. కుడుతున్నంతసేపూ పక్కన స్టూలు మీద కూర్చుని కబుర్లు. ఆ మనిషికి బండి అంగట్లో వదిలేసి పోవడం రాదు. తర్వాత అంబాసిడర్, ఆ తర్వాత ఒక డీజిల్ బండి. ప్రతిదానికీ కుట్టింది మునిచంద్రే. ఏటా జూన్, జూలైల్లో ఫ్యాక్టరీకి పిలిపించుకునేవాడు. గేటు బయట మైలు దూరం తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు. గాలంతా తియ్యగా పులుస్తున్న వాసన. హేమచంద్ర భార్య మునిరత్నమ్మ రాగి సంగటి, వేరుశనగ చట్నీ వడ్డించి, "ఇంకొంచెం పెట్టుకో అన్నా, సగం సగం తింటే ఒప్పుకోను," అనేది.

ఎనిమిదేళ్ల కిందట ఆ పెద్ద బండి కొన్నాడు హేమచంద్ర. అలిపిరి దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపేసి, అద్దాలు దించేసి, "ఇను మునీ, ఆరు సిలిండర్లు! గుంపుగా పాడినట్టు లేదా?" అన్నాడు. పసిపిల్లోడి మొహం. దానికి మునిచంద్ర కుట్టిన కవర్లు అతని పనిలోకెల్లా గొప్పవి. మూడు వరసల నైలాన్ దారం, చుట్టూ బిగుతుగా, ముడత అన్నదే లేకుండా. సీటు పక్కన అప్పుడూ ఇట్లాంటి చీటీయే ఉండింది. కంపెనీవాళ్ల గుర్తు అనుకుని దాని మీదే కవరు లాగి కట్టేశాడు. సీట్ల లోపల గాలి సంచులు ఉంటాయని ఈ బజారులో అప్పటికి అతనికి ఎవరూ చెప్పలేదు.

మూడేళ్ల తర్వాత పాకాల దగ్గర ఒక ట్రాక్టరు ఎడమ పక్క నుంచి వచ్చి గుద్దింది. ముందు ఎడమ సీట్లో హేమచంద్ర. భుజం ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి. బండిని ఈ రోడ్డులోనే మెకానిక్ ధనశేఖర్ షెడ్డుకు తెచ్చారు. కవర్లు విప్పడానికి రమ్మని కబురొస్తే మునిచంద్ర పోయాడు.

సీటు వీపు గుమ్మడికాయ లాగా ఉబ్బి ఉంది. లోపలి సంచి పేలింది, బయటికి రావడానికి దారి లేక స్పాంజిని చీల్చుకుని వెనక్కి పోయింది. కవరు మాత్రం చెక్కు చెదరలేదు.

"అన్నా, ఏం కుట్టబ్బా నీది! సంచి పేలినా తెగలే," అన్నాడు ధనశేఖర్ మెచ్చుకోలుగా.

ఆ మాట మునిచంద్రకు ఈ రోజుకీ వినబడుతూనే ఉంటుంది. ఆ రోజే ధనశేఖర్‌ను కూర్చోబెట్టి అంతా అడిగి తెలుసుకున్నాడు. కంపెనీవాళ్లు ఆ ఒక్కచోట మాత్రం బలం లేని దారంతో కుడతారని, గుద్దిన క్షణంలో అది పుటుక్కున తెగి సంచిని బయటికి వదలాలని, మనిషికీ తలుపుకీ నడుమ ఆ సంచి దిండులా నిలబడాలని. మరునాటి నుంచి అతను కుట్టిన ఏ కవరుకూ ఆ పక్క మూసింది లేదు. కానీ హేమచంద్రకు చెప్పలేదు. ఆస్పత్రికి పోయి చూశాడు, నారింజపళ్లు ఇచ్చాడు, వచ్చేశాడు.

హేమచంద్ర కోలుకున్నాడు గానీ ఎడమ చేయి భుజం దాటి పైకి లేవలేదు. గుళ్లో దండం పెట్టేటప్పుడు కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి పట్టుకునేవాడు. బండి బాగై వచ్చాక మళ్లీ కవర్లు వేయించలేదు. "తోలు సల్లగా ఉండాదబ్బా మునీ, అట్లే వదిలేయ్," అన్నాడు. తెలిసే అన్నాడా, తెలియక అన్నాడా? మునిచంద్రకు అడిగే ధైర్యం రాలేదు, ఆ తర్వాత ఫ్యాక్టరీకి పోవడమూ మానేశాడు. హేమచంద్ర పోయిన రోజు శవం పక్కన నిలబడినప్పుడు కూడా ఆ ప్రశ్న గొంతులోనే ఉంది.

*

టీ గ్లాసు కింద పెట్టి మునిచంద్ర అటకెక్కాడు. గోనెలో చుట్టిపెట్టిన పాత కవరు దించి నరేంద్ర ఒళ్లో పెట్టాడు.

"మీ నాయన బండిది. ఆ దినం ఆయన కూర్చున్న సీటుది. ఈ పక్క సూడు. ఇది తెగుంటే ఆయన భుజం విరిగుండదు నాయనా. తెగలేదు. నేను కుట్టినా గాబట్టి తెగలేదు."

నరేంద్రకు మొదట అర్థం కాలేదు. మునిచంద్ర కొత్త బండి దగ్గరికి తీసుకుపోయి, చీటీ పక్కన సన్నటి గీతలా కనిపించే కుట్టు చూపించాడు. "ఇదొక్కటి తెగడానికే కుట్టింది. నలభై అయిదేండ్లు తెగకుండా కుట్టేదే నేర్చుకున్నా. నాకు తెలియక దాన్ని కట్టేసినా. తెలిసినాక నోరు మూసుకున్నా. ఆ పక్క వదిలి కుట్టే దారి ఉండాది, అయినా దీనికి నేను కవరు కుట్టను. ఎవురి దగ్గరా కుట్టించొద్దు. తలుపు తీసేముందు సైకిలోడిని సూసే బండి ఇది. దాని చేతులు మనం కట్టేయకూడదు."

నరేంద్ర చాలాసేపు ఆ పాత కవరు అంచును వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. "నాయనకు నీళ్లు పోసి చొక్కా నేనే తొడిగేవాడిని మామా. మూడేండ్లు," అన్నాడు. కవరు స్టూలు మీద పెట్టి, బండెక్కి, వెళ్లిపోయాడు. ఆ బండి పోయేటప్పుడు కూడా చప్పుడు చేయలేదు.

నాలుగు రోజులు మునిచంద్ర అంగడి తెరిచాడు గానీ మిషన్ తొక్కలేదు. అయిదో రోజు పొద్దున్నే బండి వచ్చింది. వెనక సీట్లోంచి దిగింది మునిరత్నమ్మ. నరేంద్ర స్టీరింగ్ ముందే కూర్చున్నాడు, దిగలేదు.

మునిచంద్ర లేచి నిలబడ్డాడు.

"కూర్చో అన్నా," అంది ఆమె, తానూ స్టూలు లాక్కుని. "తెలియక కుట్టినావు. దానికి నేను నిన్ను ఏమనేది? తెలిసినాక ఆయనకు చెప్పకపోతివే, అది మాత్రం తప్పు. చెప్పింటే తిట్టేవాడు, మళ్లా నీ దగ్గరికే వచ్చేవాడు. నువ్వే ఎడం చేసుకున్నావు. ఆ మూడేండ్లూ ముని ఎప్పుడొస్తాడని అడగతానే ఉన్యాడు."

మునిచంద్ర తల వంచుకుని ఏడ్చాడు. అతను పైపంచెతో మొహం తుడుచుకున్నాక ఆమె అడిగింది:

"అట్లా కట్టిన కవర్లు ఇంకా ఎన్ని బండ్లకు ఉండాయి?"

ఈ ప్రశ్న తనను తాను ఎన్నడూ అడగలేదు మునిచంద్ర. అడిగితే చెప్పాల్సి వస్తుంది గనుక. కొలతల పుస్తకాలు దించి ఇద్దరూ చూశారు. బండి పేరు, సీటు కొలత, మనిషి పేరు. ఆ కాలం నాటివి నలభై మూడు తేలాయి. అదే రోజు ఫోన్లు మొదలుపెట్టాడు. "నేను సీటు కవర్ల మునిచంద్రనప్పా. నేను కుట్టినదాంట్లో తప్పుండాది. బండి ఒకసారి తెస్తావా?" ఈ మాట మొదటిసారి చెప్పడానికి అరగంట పట్టింది. పదోసారికి అర నిమిషంలో చెప్పేశాడు. కొందరు బండి అమ్మేశామన్నారు, కొందరు నవ్వారు, ఒకాయన బండబూతులు తిట్టాడు. ముప్పైకి పైగా బండ్లు వచ్చాయి.

సీజను ముగిసి ఫ్యాక్టరీ బాయిలర్లు చల్లారాక, ఆగస్టులో, నరేంద్ర ఒక్కడే వచ్చాడు. "ఇంకా ఎవురన్నా మిగిలినారా?" అన్నాడు. మామా అనలేదు.

"సత్యవేడులో ఒకాయన. రిటైరైన హెడ్మాస్టరు వెంకటముని సారు. ఫోను ఎత్తడు."

"పోదాం రా."

ముందు ఎడమ సీట్లో కూర్చోమన్నాడు. మునిచంద్ర బెల్టు పెట్టుకున్నాడు. దారి పొడుగునా చెరుకు తోటలు, వాన పడి ఎర్రబడిన కుంటలు. బండి గుంతల మీద ఒళ్లు విరుచుకున్నట్టు మెత్తగా లేచి దిగుతోంది. నాగలాపురం దాటాక నరేంద్ర, "జీపులో నాయన వేయించిన బల్లల మీద నేను నిద్దరపోయేవాడినంట గదా?" అని అడిగాడు. మునిచంద్ర చెప్పడం మొదలుపెట్టాడు. గంపల మధ్య పిల్లాడు నిద్రపోవడం, మామిడి సొన అంటి బుగ్గ పొక్కడం, హేమచంద్ర ఆ బండిని అట్లాగే డాక్టరు ఇంటి గుమ్మం దాకా తోలుకుపోవడం. నరేంద్ర గట్టిగా నవ్వాడు. "ఇంకా చెప్పు మామా," అన్నాడు.

సత్యవేడులో హెడ్మాస్టరు గారు వరండాలో పేపరు చదువుతున్నారు. సంగతంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంత మంచి కవరు కోస్తానంటావేమయ్యా, ఇంకో పదేళ్లు వచ్చేది గదా," అని గొణిగి, తాళంచెవి తెచ్చిచ్చారు. మునిచంద్ర బ్లేడు తీసి ఎడమ తలుపు తెరిచాడు. లోపలి నుంచి ఆయన భార్య మూడు గ్లాసుల్లో మజ్జిగ పట్టుకొచ్చి, పని అయ్యేదాకా అట్లాగే ఎండలో నిలబడి చూసింది.